దూరపు కెర్నెలును ముగించుట

జూపిటర్ నోటుపుస్తకమును మన విద్యార్థులు పలువు రెఱుగుదురు. 2014లో ఐపైథాన్ నుండి వేరుపడి వెలసిన యీ సాధనమునకు జూలియా, పైథాన్, ఆర్ అను మూడు భాషలను బట్టి పేరిడిరి. తెరపై మనము చూచు పుట వేరు. లెక్కచేయు కెర్నెలు వేరు. ఈ రెండవది తఱచుగ నెక్కడనో దూరపు యంత్రములో నుండును. కావున పుటను మూసినంతమాత్రమున కెర్నెలు ముగియదు. అది జ్ఞాపకస్థానము నాక్రమించియే యుండును. ఆ యంత్రమును పంచుకొను తోటివారికి చోటు కఱవగును. పనిలేని కెర్నెళ్ళను తనంతట ముగించు నేర్పాటు సర్వరులో గలదు గాని, మనము కోరి పెట్టినగాని యది పనిచేయదు.

ముగించుటకు సెషను గుర్తుతో డిలీట్ అను నభ్యర్థనను సర్వరునకు పంపవలెను. కెర్నెలుతో కూడ సెషను తొలగినచో 204 అను ప్రత్యుత్తరము వచ్చును.

ఇంతవఱకు సులభమే. చిక్కంతయు ఆర్ఎక్స్‌జేఎస్ వంటి రియాక్టివ్ పద్ధతిలో వ్రాయునపుడు గలుగును. మేమే యొకమారు మోసపోతిమి. సెషనును తొలగించు పిలుపును వ్రాసి, తప్పేమియు కనబడకుండుటచే పని ముగిసెనని తలంచి యింటికి బోతిమి. మఱునాడు చూడగా నాలుగు కెర్నెళ్ళును నడచుచునే యున్నవి! ఆ పిలుపు మాకిచ్చినది అబ్జర్వబుల్; అనగా పని గాదు, చేయవలసిన పనిని వ్రాసిపెట్టిన చీటి మాత్రమే. సబ్‌స్క్రైబ్ చేయువఱకు అభ్యర్థన కదలదు. ప్రామిస్ అట్లు గాదు. అది పుట్టినప్పుడే పని మొదలిడును. ఆ యలవాటే మమ్ము భ్రమపెట్టినది.

రెండుమార్లు సబ్‌స్క్రైబ్ చేసినచో అభ్యర్థనయు రెండుమార్లు పోవును. అట్టి సెషను లేదని రెండవమారు సర్వరు చెప్పును. దీనివలన హాని లేదు. స్విచ్‌మ్యాప్ చేయు కీడు సూక్ష్మతరము. రెండు సెషనులను వెంటవెంటనే ముగింపబోయినచో, అది మొదటి యభ్యర్థనను నడుమనే విడిచి రెండవదానిని పట్టుకొనును. మొదటిది సర్వరునకు చేరెనో లేదో మనకు తెలియదు. అందుచే మెర్జ్‌మ్యాప్ గాని, వరుస కావలసినచో కాన్‌కాట్‌మ్యాప్ గాని వాడుట మేలు. ఒక్క యభ్యర్థన విఫలమైనను ప్రవాహమంతయు నాగును గనుక, క్యాచ్‌ఎరర్‌ను లోపలి అబ్జర్వబులునకే తగిలింపవలెను.

ముగించుటకు ముందు చూచుకొనవలసిన దొకటి గలదు. భద్రపఱచిన కోడును ఫలితములును ఫైలులో నిలుచును గాని, కెర్నెలు జ్ఞాపకమునందలి విలువలు మఱల రావు. గంటలకొలది నేర్పిన నమూనాను డిస్కుపై వ్రాసికొనక డిలీట్ పంపిన విద్యార్థి నొకనిని మేమెఱుగుదుము. అతడు కొంతసేపు పలుకక కూర్చుండి, ఆ సాయంకాలమే మొదటి గడినుండి మఱల నడప నారంభించెను.