ఇంటిల్లిపాదికీ ఒకే క్యాలెండర్



మన ఇళ్లలో చాలామందికి గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది. ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఆవకాయతో పాటు దాన్నీ చుట్టి తెస్తారు. పండుగలు చూసుకునేదీ, గ్యాస్ సిలిండర్ మార్చిన రోజు రాసుకునేదీ దాని మీదే. కానీ ఆఫీసులో ఉన్న నాన్నకూ, రాజమండ్రిలో ఉన్న అమ్మమ్మకూ అది కనిపించదు. అందుకే ఈ పాఠం.

ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాం. కిందటేడాది మా అమ్మాయి అమ్మమ్మ గారికి ఒక పద్యం అప్పజెప్పాలని నేర్చుకుంది. "శనివారం సాయంత్రం 6 గంటలకు ఫోన్ చేస్తాం" అని మెసేజ్ పెట్టాం. మా ఉద్దేశం దుబాయి 6 గంటలు. అప్పటికి అక్కడ ఏడున్నర. ఆవిడ తన గడియారం ప్రకారం ఆరింటికే మంచి చీర కట్టుకుని ఫోన్ ముందు కూర్చున్నారు. గంటకు పైగా చూసి, మాకేదో పని పడిందనుకుని, మందులు వేసుకుని పడుకున్నారు. మేం చేసినప్పుడు ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. మాకు అదే ఎక్కువ బాధనిపించింది. ఏ ఊరి ఆరు గంటలో రాయకపోవడం మా తప్పే.

షేర్డ్ క్యాలెండర్ అంటే ఏమిటి?

ఒకరు రాస్తే, అనుమతి ఉన్నవారందరికీ తమ తమ ఫోన్లలో కనిపించే క్యాలెండర్ ఇది. గూగుల్ క్యాలెండర్ 2006 ఏప్రిల్‌లో వచ్చింది. ఔట్‌లుక్, ఆపిల్ క్యాలెండర్లలో కూడా ఇదే పని చేసుకోవచ్చు.

ఎలా మొదలుపెట్టాలి?

1. కంప్యూటర్‌లో కొత్త క్యాలెండర్ ఒకటి తెరిచి "మా ఇల్లు" అని పేరు పెట్టండి. ఆఫీసు క్యాలెండర్‌తో కలపవద్దు.
2. సెట్టింగ్స్‌లో ఇంట్లోవాళ్ల ఈమెయిల్ అడ్రసులు చేర్చండి.
3. ఎవరికి ఎంత అనుమతో నిర్ణయించండి. అమ్మానాన్నలకు మార్చే అనుమతి, పిల్లలకు, తాతయ్య అమ్మమ్మలకు చూసే అనుమతి చాలు. స్నేహితులకైతే మనకు ఎప్పుడు తీరికో మాత్రమే కనిపించేలా పెట్టవచ్చు.
4. "పబ్లిక్" అన్నది మాత్రం నొక్కకండి. మనం ఊళ్లో లేని రోజులు లోకానికంతా తెలియనక్కర లేదు.

టైమ్ జోన్

మనకూ ఇండియాకూ తేడా గంటన్నర. దుబాయి సమయంతో 6 అని నమోదు చేస్తే, అమ్మమ్మ ఫోన్‌లో అది 7:30 అని దానంతట అదే కనిపిస్తుంది. ఈ రెండు దేశాల్లోనూ గడియారాలు మార్చరు. అమెరికాలో మారుస్తారు. అందుకే డాలస్‌తో మనకు చలికాలంలో 10 గంటలు, వేసవిలో 9 గంటల తేడా. క్యాలెండర్ ఆ లెక్క కూడా చూసుకుంటుంది.

క్యాలెండర్‌కు తెలియనివి

యంత్రం అన్నీ చూసుకుంటుందని అనుకోకండి. మన దేశంలో 2021 చివరి దాకా వారాంతం శుక్ర, శనివారాలు. 2022 జనవరి నుంచి ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట. షార్జాలో మాత్రం శుక్ర, శని, ఆది మూడు రోజులూ సెలవే. ప్రైవేటు కంపెనీల్లో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. కాబట్టి ఎవరి సెలవు ఏ రోజో వారే రాయాలి.

పండుగల సంగతీ అంతే. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న వచ్చింది. "ప్రతి ఏటా" అని నొక్కితే తప్పు రోజే వస్తుంది. తాతయ్య తద్దినం కూడా తిథి ప్రకారమే కదా! ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఒక పూట కూర్చుని అన్నీ ఎక్కించుకోండి. ఈద్ సెలవులు నెలవంక కనిపించడాన్ని బట్టి ఉంటాయి. వాటి పక్కన "ఖరారు కాలేదు" అని రాయండి.

మూడు నియమాలు

అందరూ పల్లకీ ఎక్కితే మోసేవారెవరు? క్యాలెండర్ చూసుకునే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఎవరికైనా మాట ఇచ్చే ముందు క్యాలెండర్ చూడండి. వారానికోసారి అందరూ కలిసి వచ్చే వారం చదవండి. మా ఇంట్లో ఆదివారం రాత్రి భోజనాలయ్యాక చదువుతాం. పది నిమిషాలు చాలు.

ఇప్పుడు అమ్మమ్మ గారి ఫోన్ పది నిమిషాల ముందే మోగుతుంది. మొన్న పద్యం అంతా విన్నారు, రెండో పాదంలో తప్పు కూడా దిద్దారు!

ఇంటిపని

1. ఇండియాలో ఉదయం 9 గంటలైతే దుబాయిలో ఎంత?
2. మీ ఇంట్లో తిథి ప్రకారం జరిగే రోజులు ఏవో అమ్మమ్మనో, నాన్నమ్మనో అడిగి తెలుగులో రాయండి.
3. వాటిని మీరే క్యాలెండర్‌లో తెలుగు లిపిలో నమోదు చేసి, వచ్చే తరగతిలో చూపించండి.