కుటుంబ పబ్బు ఎందుకు నిలవలేదు?

ప్రశ్న: బీరును తమ పబ్బులోనే తయారుచేసి అమ్మిన ఇంగ్లండు కుటుంబ వ్యాపారాలు అంత పేరు తెచ్చుకుని కూడా ఎందుకు మూతపడ్డాయి? జనం రుచి మారిందా?

జవాబు: రుచి మారడం కన్నా యజమాని మారడమే అసలు కారణమని నా అభిప్రాయం. లండన్ ఫిర్కిన్ పబ్బులనే చూడండి. 1970ల మొదట్లో బ్రిటన్ మొత్తం మీద సొంత బీరు తయారుచేసుకునే పాత పబ్బులు నాలుగే మిగిలాయి. అలాంటి కాలంలో, 1979లో, డేవిడ్ బ్రూస్, లూయీజ్ దంపతులు సదర్క్‌లో 'గూస్ అండ్ ఫిర్కిన్' తెరిచారు. నేలమాళిగలో పులిసిన బీరు నేరుగా పైనున్న కౌంటరుకే చేరేది. రవాణా ఖర్చు లేదు. తయారీ లాభం, అమ్మకం లాభం ఒకే ఇంట్లో ఉండేవి. జనం విరగబడి రావడంతో మరిన్ని పబ్బులు వెలిశాయి. 1988లో దంపతులు వాటిని అమ్మేశారు. చేతులు మారి పెద్ద సంస్థ పాలైన ఫిర్కిన్ పేరు ఊరూరా బోర్డెక్కింది. చాలాచోట్ల బీరు మాత్రం వేరే పబ్బు నుంచి వచ్చేది. 1999లో మళ్లీ అమ్ముడయ్యాక తయారీయే ఆగిపోయింది.

పెద్ద సంస్థ చేతిలో ఖర్చు తగ్గి వ్యాపారం నిలవాలి కదా అనవచ్చు. ఖర్చు తగ్గించే దారి వెతికితే మొదట కనబడేది ఒక్కో నేలమాళిగకు ఒక్కో తయారీదారుడి జీతమే. అమ్మిన దంపతులను నేను తప్పుపట్టను. వచ్చిన సొమ్ములో కొంతతో వికలాంగులు కాలువల్లో విహరించేందుకు పడవలు ఏర్పాటు చేశారు. తప్పు పన్నుల విధానానిది కూడా. చిన్న తయారీదారులకు బ్రిటన్ బీరు సుంకంలో రాయితీ ఇచ్చింది 2002లో. అప్పటికే ఫిర్కిన్ పీపాలు ఖాళీ.