బీరువాలో ల్యాప్‌టాప్

సమస్య

మాది జల్‌పల్లి. రేకుల ఇల్లు, రెండు గదులు. మా ఆయన కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటర్. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. 2020లో కాలేజీలు మూతపడ్డప్పుడు మా అబ్బాయి డిగ్రీలో చేరాడు. క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే అన్నారు. ఫోన్‌లో ఏమీ అర్థం కావట్లేదని వాడు గోల పెడితే, చిట్టీ పాడి 38 వేలు పెట్టి ల్యాప్‌టాప్ కొన్నాం. ఆ చిట్టీ తీరేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది.

వాడి చదువు అయిపోయింది. ఇప్పుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కార్గో పని. వాడికి కావలసిందంతా ఫోన్‌లోనే జరిగిపోతోంది. ల్యాప్‌టాప్ బీరువాలో చీరల కింద ఉంది. ఎప్పుడో పండగకి తీసి, ఫొటోలు చూసుకుని మళ్లీ లోపల పెడతాడు. ఈమధ్య దాన్ని అమ్మేసి, ఆ డబ్బు బండి డౌన్ పేమెంట్‌లో కలుపుకుంటానంటున్నాడు. వాడి దోస్తు ఎవరో తొమ్మిది వేలిస్తానన్నాడట. వినగానే మా ఆయన ఇంతెత్తున లేచారు. "ముప్పై ఎనిమిది వేల వస్తువు తొమ్మిది వేలకా? పడి ఉండనీ, అదేమైనా తిండి అడుగుతుందా?" అంటారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను.

మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం. కాలేజీ ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్ ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుంటారట. ప్రాజెక్టు టైపు చేయించాలంటే నెట్ సెంటర్‌కు వెళ్తుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ తీద్దామంటే 'నా డేటా పోతుంది, ముట్టుకోవద్దు' అని అన్న కసురుతాడు. 'పాడైతే బాగుచేయించేదెవరు' అని వాళ్ల నాన్న. దాని మీద ఐ3 పదో జనరేషన్ అని స్టిక్కర్ ఉంది, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ 1 టీబీ అని రాయమని అమ్మాయే చెప్పింది. అమ్మమంటారా, ఉంచమంటారా?

– ఒక తల్లి, జల్‌పల్లి

సలహా

అమ్మా, ఉత్తరంలో ముప్పావు వంతు మీ అబ్బాయి, మీ ఆయన గొడవే ఉంది. అమ్మాయి సంగతి చివర్లో రాశారు. నేను మాత్రం అక్కడి నుంచే మొదలుపెడతాను. కంప్యూటర్స్ చదివే పిల్ల నెట్ సెంటర్‌కు డబ్బులిచ్చి టైపు చేయించుకుంటోంది, కంప్యూటరేమో చీరల కింద ఉంది. ఎవరూ వాడని వస్తువని మీరంటున్నారు. వాడాల్సిన మనిషిని ఇంట్లో ఇద్దరు మగవాళ్లు ఆపుతున్నారని నాకు అనిపిస్తోంది. అమ్మకండి. తాళం తీసి అమ్మాయికివ్వండి.

మీ ఆయన బాధ నాకు అర్థమైంది. చిట్టీ పాడి కొన్న వస్తువు అంత సులభంగా చేజారనివ్వబుద్ధి కాదు. కానీ ఆ 38 వేలూ అప్పుడే ఫలించాయి, వాటితో మీవాడు డిగ్రీ దాటాడు. ఇక దీన్ని బంగారంలా దాచుకుంటే విలువ పెరుగుతుందనుకోవడం పొరపాటు, ఏడాదికేడాది తగ్గడమే. తిండి అడగదన్న మాట కూడా నిజం కాదు. లోపలున్న లిథియం బ్యాటరీ వాడకపోయినా మెల్లగా దిగిపోతుంది. పూర్తిగా దిగి నెలల తరబడి అలాగే ఉంటే మళ్లీ ఛార్జింగ్ పట్టకపోవచ్చు. పైగా ఎండాకాలంలో రేకుల కింద ఇనుప బీరువా ఎలా కాగుతుందో మీకు నేను చెప్పాలా! ఆ వేడి బ్యాటరీకి ఇంకా చేటు.

అందుకే ఛార్జర్ పెట్టే ముందు ఒక పని చేయండి. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, నాలుగు మూలలూ ఆనుతున్నాయా, వేలితో జరిపే ప్యాడ్ పైకి లేచిందా చూడండి. అడుగు భాగం ఉబ్బినట్టు ఉంటే ఛార్జింగ్ పెట్టొద్దు. రిపేరు షాపులో కొత్త బ్యాటరీ వేయించండి. ఉబ్బిన బ్యాటరీని మీ పక్క స్క్రాప్ గోదాములకు వేయకండి. దాన్ని నలగ్గొట్టినా గుచ్చినా మంట లేస్తుంది.

స్టిక్కర్ వివరాలు రాయించినందుకు అమ్మాయికి శభాష్ చెప్పండి. సగం చిక్కు దాంతోనే విడిపోయింది. 2020లో కొన్నారు కాబట్టి అందులో విండోస్ 10 ఉండి ఉంటుంది. దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి విండోస్ 11కు పనికొస్తాయి. మీది పదోది, ఉచితంగానే మార్చుకోవచ్చు. అయితే 4 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్‌తో అది నత్తనడక నడుస్తుంది. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డ్రైవ్ వేయిస్తే మనిషి మారినట్టు మారుతుంది. ర్యామ్ ధరలు ఈమధ్య బాగా పెరిగాయి కనుక ముందు ఎస్‌ఎస్‌డీతో సరిపెట్టండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. అక్కడ రెండు మూడు షాపుల్లో అడిగి చూడండి. మొత్తం ఖర్చు ఆ తొమ్మిది వేలలో సగం దాటేలా ఉంటే వద్దు, ఉన్నదానితోనే నడిపించండి.

మీ అమ్మాయికి ఇది ఎందుకు అవసరమో మీ ఆయనకు ఇలా చెప్పండి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక బేగంబజార్ హోల్‌సేల్ షాపుల నుంచి కాటేదాన్ ఫ్యాక్టరీల దాకా బిల్లులు, రిటర్నులు చూసుకునే మనిషి కావాలి. ఆయన పనిచేసే చోట కూడా ఆఫీసు గదిలో ఎవరో ఒకరు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ముందు కూర్చునే ఉంటారు, రేపు వెళ్లినప్పుడు చూడమనండి. ఆ ట్యాలీని ఎడ్యుకేషనల్ మోడ్‌లో లైసెన్సు కొనకుండానే నేర్చుకోవచ్చు. నెలలో కొన్ని తేదీలతోనే, అంటే 1, 2 తేదీలు, నెలాఖరుతోనే వోచర్లు ఎక్కించనిస్తుంది, అంతే తేడా. కొనుగోలు, అమ్మకం, రసీదు, చెల్లింపు అన్నీ చేతికి అలవాటవుతాయి. ఎక్సెల్ కొనలేకపోతే లిబ్రే ఆఫీస్ ఉచితం. ఇవి ఫోన్ తెర మీద గీకితే వచ్చే విద్యలు కావు.

ఇక మీ అబ్బాయి. వాడి భయం ఉత్తిది కాదు, డేటా పోతే ఏడ్చేది వాడే. ఒక సెలవు రోజు కూర్చోబెట్టి ఫొటోలు, సర్టిఫికెట్లు పెద్ద పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోమనండి. తర్వాత చెల్లెలి పేరుతో వేరే యూజర్ అకౌంట్, వేరే పాస్‌వర్డ్ పెట్టిస్తే ఒకరి ఫైళ్లు ఒకరికి అడ్డం రావు. హార్డ్ డిస్క్ మార్పించినా పాతది పారేయకుండా వాడికే ఇవ్వండి. బండి డౌన్ పేమెంట్ మాత్రం జీతంలోంచి కూడబెట్టుకోమనండి. సంపాదించే కొడుకు బండికి చదువుకునే కూతురి పనిముట్టు అమ్మడం నాకు సబబనిపించలేదు. వాడికి కోపం వస్తే రానివ్వండి.

ఒకవేళ ఈ సెమిస్టర్ అయ్యేదాకా చూసినా అమ్మాయి కూడా దాని మొహం చూడకపోతే, అప్పుడు నిస్సంకోచంగా అమ్మేయండి. దోస్తు చెప్పిన ధర ఒక్కటే నమ్మకుండా సీటీసీలో కూడా అడగండి. ఇచ్చే ముందు అకౌంట్లన్నీ సైన్ అవుట్ చేసి, విండోస్ రీసెట్‌లో 'అన్నీ తీసేయి' అన్నది ఎంచుకుని, డ్రైవ్ శుభ్రం చేసే ఐచ్ఛికం కూడా పెట్టమనండి. మామూలుగా డిలీట్ కొడితే ఆధార్, పాన్ కాపీలు లోపలే ఉండిపోతాయి, తెలిసినవాళ్లు తోడుకోగలరు. సీరియల్ నంబరు రాసి, కొన్నవాళ్ల సంతకం తీసుకున్న కాగితం బిల్లుతో పాటు దాచండి. ఆన్‌లైన్‌లో బేరం పెట్టి, 'డబ్బులు పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అప్పటికి ధర ఇంకో వెయ్యో రెండు వేలో తగ్గి ఉంటుంది. ఆ మాట మీ ఆయనకు ఇప్పుడే చెప్పి ఉంచండి.