కొయ్యచేపకు జిగ్గు ఎప్పుడు కట్టాలి?

చిన్న వడ్రంగి షాపుకు చేపలు పట్టే లూర్ల, అంటే కొయ్యతో చేసే ఎర చేపల, ఆర్డరు వచ్చిందంటే ముందుగా అందరి బుర్రా జిగ్గు వైపే, అంటే ప్రతి ముక్కనూ ఒకే తీరుగా పట్టి ఉంచే చట్రం వైపే, పరుగెడుతుంది. పాతిక లూర్లూ ఒకేలా ఉండాలి, చేత్తో చెక్కితే ఒకేలా రావు, కాబట్టి జిగ్గు చేసేద్దాం అనుకుంటారు. ఆ తొందర వద్దు. నీళ్లలో సరిగ్గా ఈదిన లూరు ఒక్కటైనా చేతిలో లేకుండా కట్టిన జిగ్గు, ఉన్న తప్పును పాతికసార్లు అచ్చుగుద్ది ఇస్తుంది. ముందు కత్తితో, ఆకురాయితో ఒక్కటి చెయ్యండి. బాగా ఈదేదాకా మార్చండి. జిగ్గు పని ఆ తర్వాతే.

ఈ వృత్తిలో పెద్ద పేరైన లౌరి రాపాలా చేసిందీ అదే. ఫిన్లాండ్ సరస్సుల్లో చేపలు పట్టి బతికిన మనిషి ఆయన. పెద్ద చేపలు గుంపులో మామూలుగా ఈదే చిన్న చేపలను వదిలేసి, దెబ్బతిని ఒరిగిపోతూ ఈదే దాని మీదే పడటం గమనించాడు. 1936లో కార్క్ బెరడును కత్తితో చెక్కి, ఆ తడబాటు ఈతను ఒక లూరులోకి తెచ్చాడు. యంత్రాలు, కంపెనీ అన్నీ తర్వాత వచ్చినవి. యంత్రాలు వచ్చాక కూడా ప్రతి లూరునూ తొట్టి నీళ్లలో లాగి చూసే పద్ధతిని ఆ కంపెనీ మానలేదు.

మీ నమూనా ఈదిందనుకుందాం. దానికి రంగు వెయ్యకుండా, హుక్కులు తీసేసి పక్కన పెట్టండి. ఇక ముందు కొలతలన్నీ దాని మీంచే తీసుకోవాలి. పొడవు, ఎత్తు, మందం, మూతి దగ్గర పలక దూర్చే గాడి కోణం, సీసం పెట్టిన చోటు, మొత్తం బరువు ఒక చెక్కముక్క మీద రాసి, ఆ ముక్కను నమూనాకే కట్టేయండి. కాగితం మీద రాస్తే షాపులో నాలుగు రోజులు నిలవదు.

ఇప్పుడు అసలు సూత్రం. కొయ్య నలుపలకల దిమ్మెగా ఉన్నప్పుడే గాడి కొయ్యాలి, బెజ్జాలన్నీ వెయ్యాలి. గుండ్రం తీయడం చిట్టచివరి పని. చేప ఆకారం వచ్చేశాక జిగ్గుకు ఆనించడానికి చదునైన పక్క మిగలదు. అక్కడ వేసిన బెజ్జం వంకర పోతుంది, వంకర బెజ్జంతో లూరు వంకరగా ఈదుతుంది. దిమ్మెను చిత్రిక పట్టగానే మూలమట్టంతో చూసి, ఒక పక్కకూ దాని అంచుకూ పెన్సిలు గుర్తు పెట్టండి. ప్రతి జిగ్గులోనూ ఆ రెండు ముఖాలే గోడకు ఆనాలి. ఒక జిగ్గులో కుడి పక్క, ఇంకోదాంట్లో ఎడమ పక్క ఆనిస్తే, అర మిల్లీమీటరు తేడా ఒకటికి రెండవుతుంది.

అన్నిటికంటే శ్రద్ధగా కట్టాల్సింది గాడి జిగ్గు. లూరు మూతి కింద దూర్చే పారదర్శక పాలికార్బొనేట్ పలకే దానికి ఈత నేర్పుతుంది. పలక ఒంటికి దాదాపు సమాంతరంగా ముందుకు చాచుకుని ఉంటే లూరు లోతుకు దిగుతుంది. నిలువుగా కిందికి దిగి ఉంటే పైపైనే ఉండి వెడల్పుగా ఊగుతుంది. కోణం ఎంతన్నది మీ నమూనా ముందే తేల్చేసింది. జిగ్గు చెయ్యాల్సింది ఆ కోణాన్ని ప్రతిసారీ తేవడం, గాడిని రెండు పక్కలకూ ఖచ్చితంగా లంబంగా ఉంచడం. మందపాటి ప్లైవుడ్ మీద నమూనా కోణంలో ఒక గోడ, మూతి తగిలి ఆగడానికి ఒక ఆపుడు చెక్క, దిమ్మెను నొక్కిపట్టే బిగింపు ఉంటే చాలు. రంపం కోత మందం పలక మందానికి సరిపోవాలి. 1.5 మిల్లీమీటర్ల పలకకు 2 మిల్లీమీటర్ల గాడి కోస్తే ఆ సందులో జిగురు నిండేలోగా పలక ఒరుగుతుంది.

బెజ్జాల జిగ్గును గట్టి కర్రతో, ఒక చివర మూసిన పెట్టెలా చెయ్యండి. డ్రిల్లు బిట్టు దిగే చోట చిన్న ఇనుప గొట్టం ముక్క బిగించండి. ఉత్త కర్రలో బెజ్జం కొన్ని రోజులకే అరిగి వెడల్పవుతుంది, అది కంటికి కనిపించదు కూడా. మూతి నుంచి తోక దాకా పొడవాటి బెజ్జం వేసి తీగ దూర్చడం మాత్రం కష్టమైన దారి. సన్న బిట్టు కొయ్య నార వెంట పక్కకు జారుతుంది. దానికి బదులు పొట్ట కింద మధ్యగీత మీద పొడవునా సన్న గాడి తీసి, స్టెయిన్‌లెస్ స్టీలు తీగను వంచి కూర్చోబెట్టి, ఎపాక్సీతో మూసేయడమే నాకు మంచిదనిపిస్తుంది. పెద్ద పండుగప్ప గుంజినప్పుడు కొయ్య చీలినా, హుక్కు తీగతోపాటు దారానికే ఉంటుంది.

ఆకారానికి మూడు నాలుగు మిల్లీమీటర్ల అక్రిలిక్ లేదా ప్లైవుడ్‌తో ఫర్మా కోసుకోండి. పక్క ఫర్మాతో గీసి, బ్యాండ్ సా మీద గీతకు బయటగా కొయ్యాలి. కోసిన తుక్కు ముక్కలను పారెయ్యకుండా టేపుతో మళ్లీ దిమ్మెకే అతికించండి. అప్పుడు అడుగు మళ్లీ చదునుగా ఆనుతుంది, పైనుంచి గీసిన రెండో ఆకారాన్ని నిలకడగా కొయ్యొచ్చు.

ఇక అంచులు గుండ్రం తీయాలి. రౌటరు దగ్గర ఆగి ఒక మాట. వేలెడు కొయ్యముక్కను వేళ్లతో పట్టుకుని రౌటరు బిట్టుకు ఆనించడం కంటే ప్రమాదమైన పని ఈ మొత్తంలో లేదు. మూతి దగ్గర అడ్డనార తగిలిందంటే బిట్టు ముక్కను లాక్కుంటుంది, వెనకే వేళ్లూ వెళ్తాయి. ముక్క జిగ్గులో బిగిసి ఉండాలి, మీ రెండు చేతులూ ఆ జిగ్గు పిడుల మీదే ఉండాలి. తిరిగే యంత్రం దగ్గర చేతి తొడుగులు వద్దు. కుర్రాళ్లకు పని నేర్పేవాళ్లు జిగ్గును నునుపు కోసం, వేగం కోసం అని చెప్తారు. వేళ్ల కోసం అని ముందు చెప్పండి. రౌటరు లేకపోయినా నష్టం లేదు. రెండు చెక్కలను వి ఆకారంలో బిగించి దిమ్మెను అందులో మూల మీద పడుకోబెడితే, చిన్న చిత్రికతో అంచులు కొట్టి నాలుగు పలకలను ఎనిమిది, ఎనిమిదిని పదహారు చెయ్యొచ్చు. ఆ తర్వాత గరుకు కాగితం చాలు. రెండు పక్కలూ సమానంగా వచ్చాయా అన్నది అట్టముక్కతో కోసిన సగం ఆకారాన్ని ఆనించి, వెలుతురుకు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇంత చేసినా జిగ్గు చెయ్యలేని పని ఒకటి ఉంది. అది ఆకారాన్ని ఒకేలా తెస్తుంది, బరువును తేలేదు. ఒకే చెట్టు కొయ్యలో కూడా ఒక ముక్క బరువు, ఇంకోటి తేలిక. అందుకే దిమ్మెలను ఒకే కొలతకు కోశాక కంసాలి వాడేలాంటి చిన్న త్రాసు మీద తూచి, దగ్గర బరువులవాటిని ఒక జట్టుగా వేరుచెయ్యండి. ఈ పనికి పావుగంట పట్టదు. తర్వాత ప్రతి జట్టులో ఒకదాన్ని ముందుగా చేప ఆకారానికి చెక్కి, బకెట్టు నీళ్లలో తేల్చి, పొట్ట కింద రబ్బరు బ్యాండుతో సీసం కట్టి, ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. హుక్కులు తగిలించే చూడాలి, రంగు, ఎపాక్సీల బరువుకు కొంత తగ్గించుకోవాలి. సీసం ఎంత కిందుగా ఉంటే లూరు అంత నిటారుగా నిలుస్తుంది. పైకి పోతే లాగినప్పుడు తిరగబడుతుంది. ఆ జట్టుకు తేలిన లెక్క ప్రకారం డ్రిల్లు లోతు ఆపుడును మార్చుకోండి. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా అన్నానికి కూర్చోవద్దు, మూసిన గదిలో సీసం కరిగించొద్దు.

కొయ్య విషయంలో మన దగ్గర ఉన్నవాటికే విలువివ్వాలి. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి తేలిక, మెత్తన, కత్తికి ఇట్టే లొంగుతుంది. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర లేతు మీద నున్నగా తిరుగుతుంది. కొర్రమీను కోసం నీటి పైపైన లాగే గుండ్రటి లూర్లకు మూతి పలక అక్కర్లేదు, కాబట్టి లేతు పని తెలిసినవాళ్లు వాటితో మొదలుపెట్టడం మేలు. ఆ బొమ్మలకు వేసే లక్క పూతను మాత్రం నమ్ముకోవద్దు, నానితే అది తెల్లబారుతుంది. ఏ కొయ్యయినా ముందు బెజ్జాల లోపలి దాకా సీలరు పట్టించి, పైన ఎపాక్సీ వెయ్యాలి. నిమిషానికి అయిదారు చుట్లు తిరిగే గేర్ మోటారుకు ఒక చక్రం తగిలించి లూర్లను దానికి కడితే, ఎపాక్సీ ఒక పక్కకు కారకుండా సమంగా ఆరుతుంది.

కూలి లెక్కలో జిగ్గులకు పట్టిన రోజును మర్చిపోవద్దు. ఆ ఖర్చును మొదటి ఆర్డరు మీదే పూర్తిగా వేస్తే ధర పెరిగి ఆర్డరు పోతుంది, అసలు వెయ్యకపోతే మీ కష్టం పోతుంది. అదే నమూనాకు మళ్లీ ఆర్డరు వస్తుందన్న నమ్మకం ఎంతుందో చూసుకుని పంచండి. అయిదారు లూర్లే అడిగితే గాడి జిగ్గు ఒక్కటి చాలు, మిగతాది చేత్తోనే చెయ్యండి.

ఇచ్చేముందు ప్రతి లూరునూ నీళ్లలో లాగి చూడండి. మీ వైపు వస్తూ మీ ఎడమకు లాగుతుంటే, దారం కట్టే కంటిని ముక్కు పటకారుతో మీ కుడివైపుకు కాస్త వంచండి. ఎప్పుడో ఒకటి అలా లాగితే కన్ను వంచడం సరిపోతుంది. వరసగా అన్నీ ఒకే వైపుకు లాగుతుంటే కళ్లు వంచుతూ కూర్చోకండి. గాడి జిగ్గు గోడ జరిగి ఉంటుంది, లేదా గోడకూ దిమ్మెకూ మధ్య రంపపు పొట్టు చేరి ఉంటుంది. జిగ్గు విప్పి, తుడిచి, మూలమట్టం పెట్టి చూశాకే తర్వాతి దిమ్మె కొయ్యండి.