అడవినాభి

శ్రీముఖలింగం వంశధార ఒడ్డున ఉంది. అక్కడి దేవుడు మధుకేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. చూశారా, దేవుడి పేరులోనే చెట్టు ఉంది! ఇప్పపువ్వు తింటారు. ఇప్పగింజల నుంచి నూనె తీస్తారు. కాని అడవిలో పూసేవన్నీ ఇప్పలాంటివి కావు.

వానలు పడగానే తూర్పు కనుమల అడవుల్లో, గెడ్డల పక్కన, తుప్పల్లో ఒక తీగ మొలుస్తుంది. దాని ఆకు కొస సన్నగా చుట్టుకుంటుంది. ఆ కొసతోనే కొమ్మను పట్టుకొని పైకి పాకుతుంది. పువ్వుకు ఆరు రేకులు. అవి వెనక్కి వంగి పైకి లేస్తాయి. మొదట పసుపు, తర్వాత ఎరుపు. మంట లేచినట్టే ఉంటుంది. అందుకే అగ్నిశిఖ అన్నారు. అడవినాభి అని కూడా అంటారు. తమిళనాడుకు ఇదే రాష్ట్ర పువ్వు.

వానలు పోయాక తీగ ఎండిపోతుంది. చచ్చిందనుకుంటాం. చావదు. నేలలో దుంప ఉంటుంది. మళ్ళీ వానకు మొలుస్తుంది. దుంప వంకరగా నాగలిలా ఉంటుంది. లాంగలి అనే పేరు అలా వచ్చింది. లాంగలం అంటే నాగలి.

ఈ దుంప విషం. ఆకులో, గింజలో కూడా విషం ఉంది. పెండలం అనుకొని తిన్నవారు ఉన్నారు. "దుంపే కదా, ఉడకబెడితే ఏటవుద్ది?" అనుకోకూడదు. ఉడికించినా ఈ విషం పోదు. దీని పేరు కోల్చిసిన్. ఒకరకం కీళ్ళవాపుకు దీనితో మాత్రలు చేస్తారు. ఒక్కో మాత్రలో అర మిల్లీగ్రాము మందే ఉంటుంది. ఇంట్లో దుంప అరగదీస్తే ఎంత విషం వచ్చిందో ఎవరు కొలవగలరు?

గర్భం పోవడానికి ఈ దుంప ఇచ్చే అలవాటు పాతది. కాన్పు తేలిక కావాలని కూడా వాడతారు. ఇది తల్లి ప్రాణానికే ముప్పు. గర్భం వద్దనుకుంటే ఆసుపత్రిలో డాక్టరు చేత తీయించుకోవచ్చు. దానికి 1971లోనే చట్టం వచ్చింది. సిగ్గుపడి దుంప మింగడం ఎందుకు?

తిన్న కొన్ని గంటలకు నోరు, గొంతు మండుతాయి. వాంతులు, విరేచనాలు అవుతాయి. కలరా అనుకుంటారు. మర్నాడు వాంతులు తగ్గవచ్చు. బాగయిందని నమ్మకూడదు. ఆ తర్వాతే మూత్రపిండాలు, గుండె దెబ్బతింటాయి. కాబట్టి తిన్నారని తెలియగానే, వాంతులు మొదలవకముందే 108కి ఫోన్ చేయాలి. మిగిలిన దుంప ముక్కను, దొరికితే ఆకును కూడా గుడ్డలో కట్టి పట్టుకెళ్ళాలి. ఏం తిన్నారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.