గట్టుపై మొదలగు చరిత్ర పాఠం: ఫిషింగ్ హార్బరు నుండి మ్యూజియం వరకు

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, తేదీలు మన మనస్సునకు వచ్చును. పరీక్ష ముగియగానే వానిలో సగం మరపున పడుట మనందరికీ అనుభవమే. కంటితో చూచి, చెవితో విని, చేతితో వ్రాసికొన్న చరిత్ర మాత్రం అట్లు చెదరిపోదు. చారిత్రక స్థలాల సందర్శన విద్యలో భాగమని పెద్దలు చెప్పుటకు కారణమిదే. అయితే విహారయాత్ర వేరు, అధ్యయన యాత్ర వేరు. మొదటిదానికి తీరిక చాలును. రెండవదానికి ఒక ప్రశ్న కావలెను.

విశాఖపట్నంలో అట్టి యాత్రను సాధారణంగా సముద్రతీరంలోని మ్యూజియంలతో ఆరంభింతురు. మేము ఫిషింగ్ హార్బరు గట్టుపై ఆరంభింపవలెనని కోరుచున్నాము. గడచిన కాలం, నడచుచున్న కాలం ఒకే చోట కనబడు స్థలమది.

గట్టు నుండి కనబడు చరిత్ర

ఈ ప్రాంతమున నిలిచిన విద్యార్థికి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, దానికి ఈవల ఓడలు లోపలి రేవునకు పోవు మార్గం కనబడును. 1933లో ఈ రేవు వర్తక నౌకలకు తెరువబడినది. ఆ ప్రవేశమార్గాన్ని అలల తాకిడి నుండి కాపాడుటకై నాటి ఇంజనీర్లు రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. పనికిరాని ఓడలు ఇతర ఓడలకు రక్షణ అయిన ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో కనబడదు.

మార్గమునకు ఉత్తరాన మూడు కొండలున్నవి. ఒకదానిపై మేరీమాత చర్చి, ఒకదానిపై వేంకటేశ్వరాలయం, మధ్య కొండపై హజ్రత్ ఇసాక్ మదీనా ఔలియా దర్గా గలవు. 1869లో ఈ జిల్లాను గూర్చి గ్రంథం ప్రకటించిన కార్మైకేల్ అను అధికారి ఒక ఆచారమును పేర్కొన్నాడు. రేవులోనికి వచ్చు ఓడలు, రేవు విడిచి పోవు ఓడలు ఈ దర్గా ఎదుట జెండాను మూడు మారులు దించి ఎత్తి వందనం చేసెడివట. యాత్ర క్షేమంగా ముగిసిన పిమ్మట హిందూ ఓడల యజమానులు వెండితో చేసిన చిన్న దోనెలను అచట సమర్పించెడివారట. సముద్రం ముందు మానవులందరి భయమూ ఒకటే, మొక్కూ ఒకటే. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకొను మన కళాశాలకు ఇంతకు మించిన పాఠం వేరొకటి అక్కరలేదు.

మాటలలో దాగిన చరిత్ర

హార్బరులో కొంతసేపు చెవియొగ్గి వినిన చాలును. లంగరు, తుఫాను, సరంగు, కళాసీ అను మాటలు వినబడును. ఇవి అచ్చ తెలుగు మాటలని చాలమంది తలంపు. కాని లంగరు, సరంగు అనునవి ఫారసీ నుండి, తుఫాను, కళాసీ అనునవి అరబ్బీ నుండి వచ్చినవి. మచిలీపట్నానికి వాడుక పేరైన ‘బందరు’ కూడ రేవు అను అర్థముగల ఫారసీ పదమే. ఉర్దూ విభాగ విద్యార్థి ‘ఖలాసీ’ అనును. మన తీరవాసి ‘కళాసీ’ అనును. ఇద్దరి మాటా ఒక్కటే. ఇక తెప్ప, వల, దోనె, తెరచాప వంటి మాటలు ఈ నేలవి. ఓడలపై సరకు వచ్చినట్లే మాటలు కూడ వచ్చి, ఇచటి మాటలతో కలిసి కాపురం చేసినవి.

మ్యూజియంలు చెప్పు పాఠం

ఇంతవరకు చూచిన పిమ్మట మ్యూజియంలకు పోవుట మేలు. బీచ్ రోడ్డులోని పాత డచ్చి బంగళాలో 1991లో విశాఖ మ్యూజియం ఏర్పడినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ పట్టణంపై బాంబులు వేసినవి. నాడు పడి, పేలక మిగిలిన ఒక బాంబును అచట చూడవచ్చును. హార్బరు గట్టుపై నిలిచి రేవును చూచి వచ్చిన విద్యార్థికి, శత్రువు ఈ పట్టణాన్నే ఏల ఎంచుకొనెనో వేరుగా చెప్పనక్కరలేదు.

అదే తీరాన ఐ.ఎన్.ఎస్. కుర్‌సురా జలాంతర్గామి గలదు. 1969లో నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియంగా మారినది. దీనిలో మమ్ము ఆకర్షించినది యంత్రసామగ్రి మాత్రమే కాదు. నౌకాదళంలో పనిచేసి విరమించినవారే అచట సందర్శకులకు వివరించి చెప్పుదురు. వస్తువు మూగది, దానితో బ్రతికినవాడు ప్రక్కన నిలిచినపుడు దానికి నోరు వచ్చును.

ఇంకను వ్యవధి ఉన్నచో భీమునిపట్నం దారిలోని తొట్లకొండకు పోవలెను. రాతిలో తొలచిన నీటి తొట్లవలన దానికి ఆ పేరు వచ్చినది. 1988 నుండి 1993 వరకు జరిగిన త్రవ్వకాలలో బౌద్ధ విహారంతో పాటు రోమను వెండి నాణేలు కూడ బయల్పడినవి. ఈ తీరం దూరదేశపు వర్తకాన్ని ఎరిగి రెండువేల ఏండ్లయినదని ఆ నాణేలు సాక్ష్యమిచ్చుచున్నవి.

మన వంతు పని

ఇచట మన కర్తవ్యమొకటి ఉన్నది. మ్యూజియంలోని వస్తువునకు కావలివారుందురు. హార్బరులోని వస్తువునకు అట్టి రక్షణ లేదు. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి ఈ హార్బరులో అగ్నిప్రమాదం సంభవించి దాదాపు 40 పడవలు దగ్ధమైనవి. అవి ఎన్నో కుటుంబాలకు జీవనాధారాలు. ఆ నష్టం కంటికి కనబడినది. కంటికి కనబడని నష్టం మరియొకటి నిదానంగా జరుగుచున్నది. దుంగలను త్రాళ్లతో బిగించి కట్టెడి తెప్పలు ఫైబరు పడవలకు చోటిచ్చి తొలగుచున్నవి. మేకు లేకుండ తెప్పను కట్టు నేర్పు, నక్షత్రాలను బట్టి దారి గుర్తించు విద్య, గాలులకు పెద్దలు పెట్టిన పేర్లు వృద్ధుల నోటనే మిగిలి ఉన్నవి. తెప్పనైతే మ్యూజియంలో నిలుపవచ్చును. దానిని కట్టిన చేతి నేర్పును వ్రాసికొననిచో నిలుపలేము.

కావున మేము కళాశాల కమిటీవారికి ఒక మనవి చేయుచున్నాము. ఏటేటా ఒక అధ్యయన యాత్రను ఈ హార్బరుతో ఆరంభింపవలెను. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అనగా 61 దినాలు, తూర్పు తీరాన మరపడవల వేటకు నిషేధం గలదు. ఆ దినాలలో పడవలు గట్టున చేరి ఉండును. వలలు, పడవలు బాగుచేసికొనుచు పెద్దలు మాటాడుటకు తీరికగా ఉందురు. వేట దినాలలో తెల్లవారుజామున చేపల వేలం జరుగు వేళ వారి పనికి అడ్డు పోరాదు. అనుమతి లేనిదే ఛాయాచిత్రాలు తీయరాదు. ఒక్కొక్క జట్టులో ఉర్దూ విద్యార్థి ఒకరు, తెలుగు విద్యార్థి ఒకరు ఉండి, వినిన ప్రతి మాటను రెండు లిపులలో వ్రాయవలెను. చెప్పినవారికి మరల చదివి వినిపించి తప్పులు దిద్దుకొనవలెను. ఆ నోటుపుస్తకాలను భద్రపరచుటకు గ్రంథాలయంలో ఒక బీరువా చాలును. దానికి పెద్ద ధనము అక్కరలేదు.

విద్యార్థి మిత్రులారా! నేటి వాడుక వస్తువే రేపటి పురావస్తువు. రేపు దానిని అద్దాల వెనుక చూచి ఆశ్చర్యపడుటకంటె, నేడు దాని యజమాని చెంత కూర్చుండి పేరు అడిగి తెలిసికొనుట ఉత్తమం. చరిత్రను చదువుట మన విధి. దానిని జారిపోనీయకుండుట కూడ మన విధియే.