ముందు లైసెన్సు చూడు, తర్వాతే కాలేజీ

  

చెల్లీ, ఈ మధ్య అమెరికాలో ఉన్న, ఇక్కడికి రావాలనుకుంటున్న మన ఆడవాళ్ళు ఎక్కడ కలిసినా నన్ను ఒకటే అడుగుతున్నారు. "అక్కా, నాకు కౌన్సెలింగ్ చదవాలని ఉంది. బొమ్మలు వేస్తాను, పాడతాను, అందరూ తమ బాధలు నాతోనే చెప్పుకుంటారు. ఏ కాలేజీలో చేరమంటావు?" అని. వీళ్ళలో పిల్లలు పైచదువులకు వెళ్ళిపోయి ఇంట్లో ఒంటరిగా మిగిలినవాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేసి ఇక చాలనుకున్నవాళ్ళున్నారు. హైదరాబాద్‌లో సైకాలజీతో డిగ్రీ చేసి మాస్టర్స్‌కి ఇటు రావాలని చూస్తున్న అమ్మాయిలూ ఉన్నారు.

ఎవరు అడిగినా నేను కాలేజీ పేరు చెప్పను. "చదువయ్యాక ఏ రాష్ట్రంలో పనిచేస్తావు? అక్కడ ఏ లైసెన్సు కావాలి?" అని తిరిగి అడుగుతాను. చాలామంది మొహమొహాలు చూసుకుంటారు. మాస్టర్స్ పట్టా చేతికొస్తే కౌన్సెలర్ అయిపోయినట్టేనని మన వాళ్ళలో ఒక నమ్మకం. పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వైద్యం చేసే అనుమతి ఇచ్చేది రాష్ట్రం. ఆ రెంటి మధ్యా ఏళ్ళ పని ఉంది.

అమెరికాలో దేశమంతటికీ చెల్లే కౌన్సెలర్ లైసెన్సు లేదు. ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. 1976లో వర్జీనియా మొదట కౌన్సెలర్ల కోసం లైసెన్సు చట్టం చేసింది. అన్నిటికన్నా చివర 2009లో కాలిఫోర్నియా చేసింది. అందుకే లైసెన్సు పేర్లు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. గంటల లెక్కలూ అంతే.

నేను పనిచేసే మసాచుసెట్స్ సంగతి చెబుతాను, నీకు లెక్క తెలుస్తుంది. ఇక్కడి లైసెన్సు పేరు లైసెన్స్‌డ్ మెంటల్ హెల్త్ కౌన్సెలర్. అందరూ ఎల్.ఎం.హెచ్.సి. అంటారు. దానికి 60 క్రెడిట్ల చదువు కావాలి. చదువుకునేటప్పుడే 100 గంటల ప్రాక్టికం, ఆ తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. ప్రాక్టికంలో కనీసం 40 గంటలు, ఇంటర్న్‌షిప్‌లో కనీసం 240 గంటలు క్లయింట్లతో నేరుగా గడపాలి. పట్టా వచ్చాక అసలు పని మొదలవుతుంది. తక్కువలో తక్కువ రెండేళ్ళ పాటు 3,360 గంటలు మరొకరి పర్యవేక్షణలో పనిచేయాలి. అందులో 960 గంటలు క్లయింట్ల ఎదుట కూర్చున్నవై ఉండాలి. 130 గంటల సూపర్‌విజన్ కావాలి, అందులో 75 గంటలు సూపర్‌వైజర్‌తో విడిగా, ఒక్కదానివే కూర్చున్నవి. వీటితోపాటు ఎన్.సి.ఎం.హెచ్.సి.ఇ. అనే పరీక్ష. అందులో నిర్వచనాలు అప్పజెప్పమనరు. ఒక మనిషి కథ చెప్పి, ఇప్పుడు ఏం అడుగుతావు, తర్వాత ఏం చేస్తావు అని అడుగుతారు.

"అమ్మో, ఇన్ని గంటలా!" అంటావు. తెలుసు. ఆ గంటలు ఎందుకో చెబుతాను విను, నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట అదే.

ఒకామె నీ ముందు కూర్చుని కాగితం నిండా నల్లరంగు పూసి, ఒక మూల చిన్న పసుపు చుక్క పెట్టిందనుకో. బొమ్మలంటే ఇష్టమున్న ఎవరైనా వెంటనే "ఎంత బావుందో! ఆ పసుపు చుక్క నీలో మిగిలిన ఆశే కదూ?" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ఒక్క మాటలో రెండు పనులు జరిగిపోయాయి. బావుందని మెచ్చుకున్నావు కాబట్టి వచ్చే వారం ఆమె నీకు నచ్చే బొమ్మ వేస్తుంది, తన బొమ్మ వేయదు. చుక్కకు అర్థం నువ్వే చెప్పేశావు కాబట్టి ఆమె చెప్పడానికి ఏమీ మిగల్లేదు. శిక్షణ పొందిన మనిషి ఆగుతుంది. కాగితాన్ని ఆమెతోపాటు చూస్తుంది. "ఈ చుక్క పెట్టేటప్పుడు కాస్త ఆగావు" అని తాను చూసింది మాత్రమే చెబుతుంది. అప్పుడు ఆమె, "అది మా అత్తగారింట్లో రాత్రంతా వెలిగే జీరో బల్బు. ఆ వెలుతురులో నాకు ఒక్కనాడూ నిద్రపట్టలేదు" అనొచ్చు. ఆశ అని నువ్వు అనుకున్నది ఆమెకు భయం. నోరు మూసుకుని ఉండబట్టే అది బయటికొచ్చింది. ఆ ఆగడం పుస్తకం చదివితే రాదు చెల్లీ, గంటలు గడిస్తేనే వస్తుంది.

సూపర్‌విజన్ అంటే ఫైళ్ళ మీద సంతకాలు పెట్టించుకోవడం అనుకుంటారు. మంచి సూపర్‌వైజర్ దొరికితే అది సంగీతం మేష్టారి ముందు కూర్చుని సాధన చేసినట్టు ఉంటుంది. ఎక్కడ స్వరం జారిందో ఆయన చెవికి తెలుస్తుంది. "ఆవిడ ఏడుపు మొదలవగానే టిష్యూ డబ్బా ముందుకు జరిపావు. ఆ ఏడుపు ఎవరికి కష్టమైంది, ఆవిడకా, నీకా?" అని సూపర్‌వైజర్ అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి ఒక్కోసారి వారం పడుతుంది. మన ఇళ్ళల్లో ఎవరైనా ఏడిస్తే ఊరుకోబెట్టడమే ప్రేమ. ఏడవనివ్వడం, పక్కనే ఉండడం, మాట మార్చకుండా ఉండడం మనం కొత్తగా నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడు బొమ్మలు, పాటలు, ఆటల సంగతికి వద్దాం. ఇక్కడ రెండు దారులున్నాయి, కలిపేసుకోకు. ఆర్ట్ థెరపీలో చిత్రకళ, మట్టి, రంగులు ప్రధానం. అమెరికన్ ఆర్ట్ థెరపీ అసోసియేషన్ 1969లో ఏర్పడింది. ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీలో బొమ్మ నుంచి కదలికకు, కదలిక నుంచి పాటకు, పాట నుంచి మాటకు వెళ్తారు. మాటల్లో ఇరుక్కుపోయిన మనిషికి మట్టి ఇస్తారు, మట్టి దగ్గర ఆగిపోతే లేచి నడవమంటారు. ఈ దారికి మా ఊరి పక్కనే పునాది పడింది. కేంబ్రిడ్జ్‌లోని లెస్లీ కాలేజీలో 1974లో షాన్ మెక్‌నిఫ్ ఎక్స్‌ప్రెసివ్ థెరపీల మాస్టర్స్ కోర్సు మొదలుపెట్టారు. పావొలో క్నిల్, నార్మా కానర్ లాంటివాళ్ళు తోడయ్యారు. ఇంటర్నేషనల్ ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీ అసోసియేషన్ 1994లో వచ్చింది.

ఈ రంగాల్లో పేరు వెనక పెట్టుకునే అక్షరాలు చాలానే ఉన్నాయి. ఎ.టి.ఆర్. అంటే రిజిస్టర్డ్ ఆర్ట్ థెరపిస్ట్. గుర్తింపు ఉన్న కోర్సు చేసినవాళ్ళు దానికి పట్టా తర్వాత క్లయింట్లతో 1,000 గంటలు, 100 గంటల సూపర్‌విజన్ చూపించాలి. ఆపైన పరీక్ష నెగ్గితే బోర్డ్ సర్టిఫైడ్ అవుతారు. ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ వాళ్ళకు ఆర్.ఇ.ఎ.టి., అంటే రిజిస్టర్డ్ ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపిస్ట్ అనేది ఉంది. ఇవి వృత్తి సంఘాలు, సర్టిఫికేషన్ బోర్డులు ఇచ్చే గుర్తింపులు. గౌరవమైనవే, కష్టపడితేనే వచ్చేవే. కానీ చాలా రాష్ట్రాల్లో అవి మాత్రమే ఉంటే సొంతంగా క్లినిక్ తెరవడానికి, బీమా కంపెనీకి బిల్లు పంపడానికి కుదరదు. అందుకే మసాచుసెట్స్‌లో చాలామంది కళల థెరపీ చదువుతూనే ఎల్.ఎం.హెచ్.సి.కి కావలసిన సబ్జెక్టులన్నీ పూర్తి చేసుకుంటారు.

న్యూయార్క్‌లో కథ వేరు. అక్కడ కళల థెరపిస్టులకు వేరే లైసెన్సే ఉంది. ఎల్.సి.ఎ.టి. అంటారు, లైసెన్స్‌డ్ క్రియేటివ్ ఆర్ట్స్ థెరపిస్ట్ అని. మాస్టర్స్ తర్వాత 1,500 గంటలు పర్యవేక్షణలో పనిచేస్తే, పరీక్ష నెగ్గితే సైకోథెరపీ చేసే హక్కు వస్తుంది. మేరీలాండ్, న్యూజెర్సీ, కెంటకీ లాంటి రాష్ట్రాల్లో ఆర్ట్ థెరపిస్టులకు ప్రత్యేక లైసెన్సులున్నాయి. ఇప్పుడు ఆలోచించు. నువ్వు న్యూయార్క్‌లో ఆ లైసెన్సు తెచ్చుకున్నాక మీ ఆయనకు టెక్సస్‌లో ఉద్యోగం వచ్చిందనుకో. అది నీ వెంట రాదు. కౌన్సెలర్లు చేరిన వేరే రాష్ట్రాల్లోనూ పనిచేయగలిగేలా కౌన్సెలింగ్ కాంపాక్ట్ అనే రాష్ట్రాల ఒప్పందం ఉంది, 2022లో పది రాష్ట్రాలు చట్టం చేశాక అది రూపు కట్టింది. అయితే అది కౌన్సెలర్ లైసెన్సుకే, కళల థెరపీ లైసెన్సుకు కాదు. బదిలీల సంసారాలున్న మన వాళ్ళు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చే చెల్లెళ్ళకు ఇంకో మాట. కౌన్సెలింగ్ డిగ్రీలు మామూలుగా ప్రభుత్వపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ చదువుల) జాబితాలో ఉండవు. అంటే చదువయ్యాక పనిచేయడానికిచ్చే ఓ.పి.టి. అనుమతి 12 నెలలే. లైసెన్సుకు కావలసింది కనీసం రెండేళ్ళు. మిగతా ఏడాదికి దారేమిటో చేరకముందే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసునూ, ఇమ్మిగ్రేషన్ లాయర్‌నూ అడుగు. సాఫ్ట్‌వేర్ చదివిన అక్కలకు సాగినట్టు ఇక్కడా సాగుతుందనుకోకు. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు చదువుకోవచ్చు, కానీ పని చేయడానికి ఇ.ఎ.డి. అనే అనుమతి పత్రం ఉండాలి. ఇంటర్న్‌షిప్‌కు జీతం లేకపోయినా పనికిందికి వస్తుందా రాదా అన్నది కూడా లాయర్‌నే అడగాలి, వాట్సాప్ గ్రూపును కాదు.

ఇండియాకు తిరిగి వెళ్ళాలనుకుంటే అక్కడి చట్టం చూసుకో. క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, 1992 చట్టం ప్రకారం. అమెరికాలో కౌన్సెలింగ్ మాస్టర్స్ చేసినంత మాత్రాన హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకునే హక్కు దానంతటది రాదు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం బిహేవియరల్ హెల్త్ రంగాన్ని కూడా తన కిందికి తెచ్చింది. రోజులు మారుతున్నాయి, మనమూ కనిపెట్టుకుని ఉండాలి.

ఇక చదువులో ఎవరూ గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. మనది చిన్న సంఘం. గుళ్ళో కనబడిన మనిషే ఉగాది ఫంక్షన్‌లో వడ్డన దగ్గర ఎదురవుతుంది. ఆమె నీ క్లయింటైతే ఏం చేస్తావు? మొదటి సెషన్లోనే చెప్పేయాలి: "బయట కనబడితే నేనుగా పలకరించను. మీరు పలకరిస్తే పలుకుతాను. మీరు చూడనట్టు వెళ్ళిపోయినా ఏమీ అనుకోను" అని. అలాగే తోడికోడలు కూతురికీ, స్నేహితురాలి కొడుక్కీ థెరపీ చేయకూడదు. "మన పిల్లే కదా, కాస్త మాట్లాడు" అంటారు. అక్కడ కాదనడం చదువులో భాగమే. ఆ పిల్లకు మంచి కౌన్సెలర్‌ను వెతికిపెట్టు, అదే నువ్వు చేయగల సాయం.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. మసాచుసెట్స్‌లో కౌన్సెలర్ చట్టప్రకారం మాండేటెడ్ రిపోర్టర్. పిల్లవాడికి హాని జరుగుతోందని తగిన అనుమానం వస్తే రాష్ట్ర పిల్లల సంరక్షణ శాఖకు తెలియజేయాలి. ఆ రిపోర్టును ఇక్కడ 51-ఎ అంటారు. ఆ కాగితం ఎప్పుడు వేయాలో, కుటుంబంతో ఆ మాట ఎలా అనాలో సూపర్‌వైజర్ పక్కన ఉన్నప్పుడే నేర్చుకోవాలి. ఒక్కదానివే గదిలో ఉన్నప్పుడు మొదటిసారి ఆలోచించే విషయం కాదది.

కొన్ని వారాల ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ చేతికిచ్చి, "మీరిక థెరపిస్టు" అనే ప్రకటనలు నీకూ వస్తూనే ఉంటాయి. అలాంటి కోర్సుల్లో నేర్చుకునేది ఉండొచ్చు. కానీ ఆ సర్టిఫికెట్‌తో రాష్ట్రం లైసెన్సు ఇవ్వదు. లైసెన్సు లేని మనిషి దగ్గర గాయం తిరగదోడుకున్న ఆడమనిషి ఫిర్యాదు చేద్దామంటే వినే బోర్డు దొరకడం కష్టం. నాకు కోపం వచ్చేది అక్కడే. లైసెన్సు ఉన్నవాళ్ళు తప్పు చేస్తే అడిగేవాళ్ళుంటారు. ఎదుట కూర్చునే మనిషికి ఆ ధైర్యం ఇవ్వడం కోసమే ఇన్ని గంటలూ, ఇన్ని నిబంధనలూ.

అందుకని కాలేజీ వాళ్ళతో మాట్లాడేటప్పుడు మొహమాటపడకుండా అడుగు. కౌన్సెలింగ్ కోర్సులను గుర్తించే సంస్థ సి.ఎ.సి.ఆర్.ఇ.పి. గుర్తింపు ఈ కోర్సుకు ఉందా? ఆర్ట్ థెరపీ గుర్తింపు ఉందా? నా రాష్ట్రం లైసెన్సుకు కావలసిన సబ్జెక్టులన్నీ ఇందులోనే ఉన్నాయా, బయట చేయాలా? ఇంటర్న్‌షిప్ చోటు మీరు చూపిస్తారా, నన్నే వెతుక్కోమంటారా? మీ దగ్గర చదివినవాళ్ళు లైసెన్సు తెచ్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతోంది? జవాబులు రాతపూర్వకంగా తీసుకో. తర్వాత రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్లో ఉన్న నిబంధనలతో పక్కపక్కన పెట్టి చూసుకో. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి నేను చెప్పిన అంకెలను కూడా అక్కడే సరిచూసుకో.

ఇంత చెప్పానని వెనకడుగు వేయకు. 2024 జనవరి 1 నుంచి మెడికేర్ కూడా కౌన్సెలర్ల సేవలకు చెల్లిస్తోంది. అంటే ఇక్కడ స్థిరపడి మెడికేర్ ఉన్న మన పెద్దవాళ్ళు కూడా మనలాంటివాళ్ళ దగ్గరికి రాగలుగుతారు. "మా అత్తగారు ఏమీ అనలేదండీ, మూతి తిప్పుకుంది" అని ఒక కోడలు చెబితే, దాని బరువు విడమరిచి చెప్పించుకోకుండానే తెలిసే కౌన్సెలర్లు ఈ దేశంలో ఇంకా చాలామంది కావాలి. నువ్వు వస్తే నాకు సంతోషం. గంటలన్నీ పూర్తి చేసి, లైసెన్సు తీసుకుని రా. నీ దగ్గరికి వచ్చే మనిషికి నువ్వు బాకీపడేది అదే చెల్లీ.